బెణుకు మంత్రం

"కదలాకు నాయనా, మంత్రం మధ్యలో తెగిపోతాది" అంటూ ఎదురింటి అవ్వ మా అబ్బాయి చీలమండకు ఆముదం రాసి, మెల్లగా నిమురుతూ, పెదవులు మాత్రమే కదిలేలా ఏదో జపించింది. పొద్దున్నే మారతహళ్లిలో ఎక్స్‌రే తీయించామని, ఎముక విరగలేదన్నారని ఆమెకు తెలుసు. విరిగి ఉంటే తాను ముట్టుకోనని ముందే చెప్పింది.

మంత్రమేమిటని అడిగితే నవ్వి ఊరుకుంది. బయటపెడితే పనిచేయదట, గ్రహణం పట్టినప్పుడల్లా జపించి దానికి మళ్లీ బలం తెచ్చుకోవాలట. బెణుకు ఎలాగూ కొన్నాళ్లకు తగ్గేదే కనుక ఆ పేరు మంత్రానికి దక్కుతుందని నాకు తెలియకపోలేదు, కానీ ఎక్స్‌రే గదిలో ఇల్లెగిరిపోయేలా ఏడ్చినవాడు ఆమె చేతికింద కిక్కురుమనలేదు.

అథర్వవేదం నాలుగో కాండలోని 12వ సూక్తం ఇలాంటి పనికోసమే పుట్టింది: రోహిణి అనే మూలికను పిలిచి, దెబ్బతిన్న అవయవంలో మజ్జ మజ్జతో కలవాలని, మాంసం మాంసంతో, చర్మం చర్మంతో పెరగాలని కోరుతుంది. 1841లో జర్మనీలోని మెర్సెబర్గ్‌లో బయటపడిన ఒక ప్రాచీన మంత్రం, కాలు బెణికిన గుర్రం కోసం, ఎముకకు ఎముక, రక్తానికి రక్తం అతుక్కోవాలంటుంది.

ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని కొందరు పండితులు వాదించారు. నాకు మాత్రం అంత దూరం వెళ్లాలనిపించదు. విడిపోయినదాన్ని దాని జతతోనే కలవమని అడగడం నొప్పి పడే మనిషికి ఎక్కడైనా తోచేదే కనుక, అవి వేర్వేరుగానే పుట్టి ఉండవచ్చు.