అరోరా చప్పుడు, మా బాబాయి కుక్కరు

అరోరా (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు) చప్పుడు అంటూ వచ్చే వీడియోలు విని అదంతా కంప్యూటర్లో వండిన మ్యూజిక్ అనుకునేవాణ్ణి. అన్నీ కాదట.

ధ్రువాల దగ్గర ఆకాశాన్ని వెలిగించే ఎలక్ట్రాన్లే కిందికి దూసుకొస్తూ రేడియో తరంగాలనూ పుట్టిస్తాయి. వాటిలో కొన్ని సెకనుకు కొన్ని వేల కంపనాలే, అంటే మన చెవి వినగలిగే 20 నుంచి 20,000 లోపలే. కాకపోతే అవి గాలిలో కదిలే శబ్దం కాదు కాబట్టి ఉత్త చెవికి అందవు. ఓ పొడుగు తీగ, యాంప్లిఫయర్, హెడ్‌ఫోన్లు ఉంటే చాలు, స్టేషన్ తిప్పుకునే పని కూడా లేదు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల దాకా ఉండే తరంగాలను వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) అంటారు (వికారాబాద్ దామగుండంలో నేవీ కేంద్రం కూడా ఈ తరంగాల కోసమే, జనం నోట రాడార్ అయిపోయింది గానీ).

సరే, నేనూ ఒకటి తయారుచేశా. హైదరాబాద్‌లో డాబా మీద తీగ కట్టి వింటే ఒకటే గుయ్‌మని మోత, కరెంటు లైన్లది, 50 హెర్ట్జ్. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు రాత్రి పన్నెండింటికి ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా పొలంలోకి పోయి పెడితే అప్పుడు వినపడింది చిటపటా చిటపటా, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల పడుతున్న పిడుగులు పుట్టించే ఇలాంటి తరంగాలే. తోడొచ్చిన బాబాయికి హెడ్‌ఫోన్లు పెడితే, "ఈ టైములో ఎవర్రా పోపు పెడుతున్నారు?" అన్నాడు.

పిడుగులకే ఇంకో వేషం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల టెలిఫోన్ మాటలు దొంగచాటుగా వింటున్న జర్మన్లకు పై నుంచి కిందికి జారే ఈలలు వినిపించాయి, బార్క్‌హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1919లో దాని గురించి రాశాడు. సంగతేంటో 1953లో స్టోరీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తేల్చాడు. పిడుగు తరంగం భూమి అయస్కాంత రేఖ పట్టుకుని అంతరిక్షంలోకి పోయి అవతలి అర్ధగోళంలో దిగుతుంది, దారిలో హెచ్చు ఫ్రీక్వెన్సీలు ముందొచ్చి తక్కువవి వెనకబడతాయి, అదే ఆ ఈల.

అరోరా ఎలక్ట్రాన్లు పుట్టించే తరంగాల చప్పుడు, అదే అరోరా హిస్, మాత్రం మన పొలంలో దొరకదు, ధ్రువాల వైపు పోవాల్సిందే. అందుకే ఫోన్లో ఉన్న ఉత్తర ఫిన్లాండ్ రికార్డింగులు పెట్టా. ముందు కోరస్ అనే ఇంకో రకం తరంగాల చప్పుడు వినిపించా, తెల్లారగట్ల చింతచెట్టు మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచినట్టుంటుంది. తర్వాత హిస్. సన్నగా మొదలై నిమిషాల తరబడి సుయ్‌మంటూనే ఉంది. బాబాయి కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"పోపయిపోయిందిరా, కుక్కరెక్కించారు."