బరంపురం వీధిలో సినిమా వేయాలంటే

ఎండాకాలం చివర బరంపురంలో ఆరుబయట సినిమా వేసేవాళ్ళు చీకటి పడటానికి పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేస్తారు. మే ఆఖరులో పొద్దు ఆరున్నర లోపే కుంకినా, ఏడు దాటేదాకా తెర మీద నలుపు బూడిదరంగులోనే ఉంటుంది. ఏడుంపావుకి మొదలుపెట్టండి. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదు, కాబట్టి రెండున్నర గంటలు మించిన సినిమా ఎంచుకోవద్దు. హక్కుదారుల అనుమతి ముందే తీసుకోవాలి. డిస్క్ కొన్నంత మాత్రాన వీధిలో వేసే హక్కు రాదు.

తెర వెడల్పు 12 అడుగులైతే ఎత్తు 6.75. త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలన్న లెక్క) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌ని 18 అడుగుల దూరంలో పెట్టాలి. అసలు చిక్కు గాలితో. 81 చదరపు అడుగుల గుడ్డంటే పడవ తెరచాపే! బిగుతుగా మేకులు కొడితే చిరుగుతుంది, బొంగులైనా ఒరుగుతాయి. అంచు పొడవునా అడుగుకో కన్నం పెట్టి, సాగే రబ్బరు తాళ్ళతో కట్టండి. బొంగులకు వెనకా ముందూ మోకులు లాగాలి. ఉరుము వినబడితే తెర దించేయడమే, బేరాల్లేవు.

తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసి కూర్చునే ఊరిది, సబ్‌టైటిల్స్ లేకుంటే సగం జనం లేచిపోతారు. అవి ముందువాళ్ళ తలల వెనక దాగకుండా తెర కింది అంచు నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున ఉండాలి.

వెనక 100 అడుగుల దగ్గర రెండో జత స్పీకర్లు పెడితే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ముందు స్పీకర్ల శబ్దం అక్కడికి చేరడానికి సుమారు 88 మిల్లీసెకన్లు పడుతుంది. సౌండ్ మిక్సర్‌లో వెనక జతకు అంత డిలే (ఆలస్యం) ఇవ్వండి.

పురుగులా? వాటిని అటు లాగడానికి ప్రొజెక్టర్‌కి దూరంగా ఓ తెల్ల బల్బు వేలాడదీసినా కొన్ని వస్తూనే ఉంటాయి.