మా సంపెంగ చిగుళ్లు పసుపెక్కిన సంగతి

సంపెంగ అనగానే విశాఖపట్నం వాళ్లకు సింహాచలం గుర్తుకు వస్తుంది. ఎంవీపీ కాలనీలో ఇల్లు కట్టుకున్నప్పుడు వీధి గోడ పక్కన సంపెంగ అంటు ఒకటి ఉండి తీరాలని అమ్మ పట్టుబట్టడానికి కూడా అప్పన్న కొండ కింద అమ్మే ఆ పూలే కారణం. నాటిన మొదటి ఏడాది మొక్క చక్కగా ఎదిగి నడుము ఎత్తుకు వచ్చింది. రెండో ఏడాది మాఘమాసం దాటాక వచ్చిన చిగుళ్లు మాత్రం నిమ్మపండు రంగులో విచ్చుకుని, ముదిరినా ఆ రంగు వదలలేదు.

నీళ్లు ఎక్కువయ్యాయని కొందరు, తక్కువయ్యాయని కొందరు అన్నారు. పక్కింటి మాస్టారు, "ఒక గుప్పెడు యూరియా వెయ్యండి, వారంలో తేరుకుంటుంది" అన్నారు. ఆలోచించకుండా వేశాను. పదిహేను రోజులకు కింది ఆకులు మరింత ముదురు పచ్చగా మారాయి గాని, పై చిగుళ్లు ఇంకా పాలిపోయాయి. తొందరపాటుతో చేసిన ఆ పనే నాకు మొదటి ఆధారాన్ని ఇచ్చింది.

ఆకు పసుపెక్కినప్పుడు చూడవలసినది రంగు కంటే ముందు అది ఏ ఆకు అన్న విషయం. నత్రజని, మెగ్నీషియం వంటివి కొరవడితే మొక్క వాటిని ముదురు ఆకుల నుంచి లాగి చిగుళ్లకు పంపుకుంటుంది కనుక ఆ లోపాలు ముందుగా కింది ఆకుల్లోనే బయటపడతాయి. ఇనుము అలా కాదు. ఒకసారి ఒక ఆకులో చేరిన ఇనుము దాదాపుగా అక్కడే ఉండిపోతుంది కాబట్టి, వేళ్ల నుంచి కొత్తది అందకపోతే కొత్త ఆకులే పస్తు ఉంటాయి. మా మొక్కలో కింది ఆకులు నిగనిగలాడుతుండగా పై ఆకుల్లో ఈనెలు మాత్రం సన్నని పచ్చని గీతల్లా మిగిలి, వాటి మధ్య భాగమంతా పసుపుగా ఉంది.

సముద్రం దగ్గర కనుక ఉప్పు గాలిని కూడా అనుమానించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక, కూలకుండా నిలిచిన చెట్లు కూడా మాడినట్లు గోధుమ రంగుకు తిరగడం చూసినవాళ్లం. కాని ఉప్పు దెబ్బ తగిలితే ఆకు కొసలు, అంచులు ఎండుతాయి. మా ఆకుల అంచులు మెత్తగానే ఉన్నాయి. సంపెంగ వేళ్లు కండగలవి, నీరు నిలిస్తే తొందరగా కుళ్లుతాయి. అందుకని ఒక పక్క మట్టి తవ్వి చూశాను. వేళ్లు గట్టిగానే ఉన్నాయి, కుళ్లు వాసన లేదు.

వేళ్ల కోసం తవ్విన ఆ గుంతలోనే అసలు సంగతి బయటపడింది. జానెడు లోతులో, గోడ వైపున, తెల్లటి గడ్డలు కనిపించాయి. గోడ కట్టినప్పుడు మేస్త్రీ సిమెంటు కలిపింది, తట్టలు కడిగింది సరిగ్గా అక్కడే. ఒక గడ్డను చిదిపి వంటింట్లోని వినెగర్ పోస్తే బుసబుసమని నురగ వచ్చింది, అంటే సున్నం ఉన్నట్టే. దానికి తోడు మేము పోస్తున్నది బకెట్టు అంచున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లు. సున్నం మట్టి పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతను, క్షారం వైపు పెంచుతుంది. అది ఏడున్నర దాటితే అందులో ఉన్న ఇనుము కూడా వేళ్లకు అందని రూపంలోకి పోతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు ఆ ఎరుపు ఇచ్చింది ఇనుమే. మా పెరటి మట్టి కూడా ఎర్రనిదే. అంత ఇనుములో నిలబడి ఆ మొక్క ఇనుము లేక పాలిపోయింది.

అప్పటికే ఒకసారి తొందరపడి ఉన్నాను కనుక ఈసారి పరీక్షించాకే నమ్మాలని అనుకున్నాను. ఎరువుల దుకాణంలో అన్నభేది, అంటే ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్ తెచ్చి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, రెండే రెండు పసుపు ఆకులకు కుంచెతో పూశాను. మిగిలినవి ముట్టుకోలేదు. పది రోజులకు పూసిన చోట్ల పచ్చదనం మచ్చలు మచ్చలుగా తిరిగి వచ్చింది. పక్క ఆకుల్లో ఏ మార్పూ లేదు. ఆ తరువాతే మొక్క మొత్తానికి సాయంత్రం పూట, పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేశాను. ఈ ద్రావణాన్ని ఏ రోజుకు ఆ రోజే కలుపుకోవాలి, నిలవ ఉంటే తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. తెల్ల గోడ మీద, గచ్చు మీద పడితే మాత్రం ఆ తుప్పు మరక పోదు. అమ్మ ఇప్పటికీ ఆ మరకలు చూపించి నన్ను దెప్పుతుంది.

పిచికారీ తాత్కాలికమే కనుక గోడ వైపు రెండడుగుల మేర గడ్డలన్నీ ఏరివేసి, ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కొద్దిగా గంధకం పొడి కలిపి నింపాము. గంధకం మట్టి క్షారాన్ని తగ్గిస్తుంది, కాని నెలల తరబడి నెమ్మదిగా పనిచేసేది. బోరు నీళ్లు మానేసి, వానాకాలం మొదలైనప్పటి నుంచి డాబా మీది వాన నీటినే పట్టి పోస్తున్నాము.

ఆషాఢంలో వచ్చిన చిగుళ్లు పచ్చగా విచ్చుకున్నాయి. బాగా పాలిపోయిన పాత ఆకులు మూడు పూర్తిగా కోలుకోలేదు. రంగు పోల్చి చూసుకోవడానికి వాటిని తుంచకుండా ఉంచాను. మొన్న గోడకు ఆవలి వైపు తొంగిచూస్తే మాస్టారి నూరువరహాల మొక్కకు కూడా చిగుళ్లు పసుపుగా, ఈనెలు పచ్చగా ఉన్నాయి. మిగిలిన అన్నభేది పొట్లం ఆయనకు ఇచ్చి వచ్చాను.