8 జీబీ ల్యాప్‌టాప్‌లో స్వాప్ ఎలా పెట్టుకోవాలి

లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "8 జీబీ ర్యామ్ ఉందిగా, స్వాప్ దేనికి" అని చాలామంది దాన్ని ఎత్తేస్తారు. స్వాప్ అంటే ర్యామ్‌లో ప్రస్తుతానికి అక్కర్లేని డేటాని దించి పెట్టుకోవడానికి మామూలుగా డిస్క్ మీద ఉంచే చోటు. ప్రోగ్రాములు పని కోసం తీసుకున్న మెమరీకి డిస్క్ మీద కాపీ ఉండదు. దాన్ని ర్యామ్ నుంచి దించాలంటే స్వాప్ కావాలి. అది లేకపోతే పొద్దున తెరిచి వదిలేసిన ట్యాబుల డేటా సాయంత్రం దాకా ర్యామ్‌లోనే ఉంటుంది. ఇక కెర్నల్ (మెమరీని పంచే లినక్స్ మూలభాగం) ఖాళీ చేయగలిగేది ఫైల్ క్యాష్‌నే, అంటే డిస్క్ ఫైళ్ల నుంచి చదివి ర్యామ్‌లో ఉంచుకున్న కాపీలనే, నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ కూడా అందులోనే ఉంటుంది. తీసేసిన కోడ్ మరుక్షణమే మళ్లీ కావాల్సి వస్తుంది, మళ్లీ డిస్క్ నుంచి చదవాలి. మెమరీ నిండినప్పుడు మౌస్ కూడా కదలకుండా మెషిన్ బిగుసుకుపోయేది అందుకే.

కాబట్టి స్వాప్ పెట్టండి. ఒకే ఎస్ఎస్‌డీ, ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉంటే స్వాప్ ఫైలే నా ఎంపిక. స్వాప్ కోసమే విడిగా కేటాయించిన డిస్క్ భాగం, అంటే పార్టిషన్, వేగంగా ఉంటుందన్నది పాత మాట. 2.6 కెర్నల్ నుంచి, స్వాప్ ఆన్ చేసేటప్పుడే ఆ ఫైలు డిస్క్ మీద ఏయే బ్లాకుల్లో ఉందో కెర్నల్ గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత ఫైల్‌సిస్టమ్‌ని తాకకుండా నేరుగా అక్కడే రాస్తుంది. ఉబుంటు కూడా 17.04 నుంచి మామూలు ఇన్‌స్టాల్‌లో ఫైలే ఇస్తోంది. ఫైలైతే రేపు సైజు మార్చాలన్నా పార్టిషన్లు జరపక్కర్లేదు.

4 జీబీతో మొదలుపెట్టండి. డీడీ కమాండ్‌తో 1 ఎంబీ బ్లాకులు 4096 సున్నాలతో నింపి ఫైలు చేయండి. ఫైల్ సైజు మాత్రమే పెంచే ట్రంకేట్ వాడొద్దు. మధ్యలో ఖాళీలున్న ఫైలుని, స్వాప్‌ని ఆన్ చేసే స్వాప్‌ఆన్ కమాండ్ ఒప్పుకోదు. తర్వాత ఓనర్‌ని రూట్‌గా, పర్మిషన్‌ని 600గా (ఓనర్ ఒక్కరే చదవగలిగి, రాయగలిగేలా) పెట్టాలి. ఇది మరిచిపోతే పాస్‌వర్డులు, కీలు ఉండే మెమరీ పేజీలను (కెర్నల్ మెమరీని విడగొట్టే చిన్న ముక్కలను) మెషిన్‌లో ఎవరైనా చదివేయొచ్చు. ఆపైన ఎంకేస్వాప్ (ఫైలుని స్వాప్‌గా సిద్ధం చేసే కమాండ్), స్వాప్‌ఆన్. బూట్‌లో దానంతటదే రావాలంటే ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు, స్వాప్ కలపాలో చెప్పే ఫైలు) ఒక లైను: ముందు ఫైలు పూర్తి పాత్, తర్వాత నన్ (none), స్వాప్, డిఫాల్ట్స్, చివర రెండు సున్నాలు.

బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ మీద ఇంత తేలిక కాదు. 5.0 కెర్నల్ నుంచే అక్కడ స్వాప్ ఫైలు పనిచేస్తుంది. అది కూడా కాపీ-ఆన్-రైట్ (మార్చిన డేటాని పాతచోట కాకుండా కొత్తచోట రాయడం), కంప్రెషన్ రెండూ ఆపిన ఫైలైతేనే. దాన్ని వేరే సబ్‌వాల్యూమ్‌లో (ఫైల్‌సిస్టమ్‌లోనే విడి భాగంలో) పెట్టండి. స్వాప్ ఆన్‌లో ఉండగా ఆ సబ్‌వాల్యూమ్‌కి స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి కాపీ) తీయనివ్వదు.

హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌లో దాచి మెషిన్‌ని పూర్తిగా ఆపేయడం) కావాలంటే లెక్క మారుతుంది. ర్యామ్‌లో ఉన్నదంతా స్వాప్‌లో పట్టాలి కాబట్టి ర్యామ్ అంత సైజు, అంటే 8 జీబీ, పెట్టుకుంటే నిశ్చింత. ఫైలైతే అది ఉన్న పార్టిషన్ యూయూఐడీతో (గుర్తింపు సంఖ్యతో) పాటు రెజ్యూమ్ ఆఫ్‌సెట్‌ని, అంటే ఫైలు డిస్క్ మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పే నంబరుని కూడా కెర్నల్ పారామీటర్లలో ఇవ్వాలి. ఎక్స్‌ట్4లో ఫైల్‌ఫ్రాగ్ కమాండ్ చూపించే మొదటి ఫిజికల్ ఆఫ్‌సెట్టే ఆ నంబరు. బీటీఆర్ఎఫ్ఎస్‌లో మాత్రం ఫైల్‌ఫ్రాగ్ నంబరు పనికిరాదు, దాని సొంత మ్యాప్-స్వాప్‌ఫైల్ కమాండ్ వాడాలి. ఫైలు తీసేసి మళ్లీ చేస్తే ఆఫ్‌సెట్ మారిపోతుంది, చాలామంది హైబర్నేట్ చెడేది ఇక్కడే. ఈ తలనొప్పి వద్దనుకుంటే హైబర్నేట్‌కి పార్టిషనే మేలు.

జెడ్‌ర్యామ్ సంగతి వేరు. ర్యామ్‌లోనే కొంత చోటుని కంప్రెస్ చేసిన స్వాప్‌గా వాడుతుంది. ఫెడోరా 33 నుంచి ఇదే డిఫాల్ట్. 4 జీబీ మెషిన్లకు, ఎస్‌డీ కార్డు మీద నడిచే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి చక్కగా సరిపోతుంది, కార్డు అరగదు. హైబర్నేట్ మాత్రం దీంతో కుదరదు. డిస్క్ స్వాప్‌ని దీనికి తోడుగా తక్కువ ప్రయారిటీతో పెట్టడం నాకు నచ్చదు. ఎప్పుడో పక్కనబెట్టిన పాత పేజీలు జెడ్‌ర్యామ్‌ని ముందే నింపేస్తాయి, ఆ తర్వాత వచ్చే పేజీలు, ఇంకాసేపట్లో అవసరమయ్యేవి కూడా, నెమ్మదైన డిస్క్‌కి పోతాయి. డిస్క్ స్వాప్ ఉంటే దానికి జెడ్‌స్వాప్ జత చేయండి. అది కొత్త పేజీలను కంప్రెస్ చేసి ర్యామ్‌లో ఉంచుకుని, పాతవాటిని డిస్క్‌కి పంపుతుంది.

స్వాపినెస్, అంటే కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె, డిఫాల్ట్ 60. దాన్ని 1కో 0కో దించాలని కనిపించే సలహాలు పాటించకండి. అలా చేస్తే స్వాప్ లేనప్పటి తంటానే మళ్లీ తెచ్చుకున్నట్టు. డిస్క్ స్వాప్‌కి 60 ఉంచేయండి, జెడ్‌ర్యామ్ ఒక్కటే ఉంటే 100 దాటించినా తప్పులేదు.

ఫ్రీ కమాండ్‌లో స్వాప్ 1 జీబీ వాడినట్టు కనిపించగానే కంగారు పడక్కర్లేదు, ఆ పేజీలు ఊరికే పడి ఉండొచ్చు. వీఎంస్టాట్ 1 అని నడిపి ఎస్ఐ (స్వాప్ నుంచి తిరిగొచ్చేది), ఎస్ఓ (స్వాప్‌కి పోయేది) గడులు చూడండి. రెండూ నిమిషాల తరబడి పెద్ద అంకెలు చూపిస్తుంటే కావాల్సింది ఇంకొంచెం స్వాప్ కాదు, ఇంకొంచెం ర్యామ్.