అమ్మను అడిగినవి, నన్ను అడిగినవి

మంగళవారం. రాత్రి పదిన్నర.

ఈరోజు అమ్మను మానసిక వైద్యుల ఓపీకి తీసుకుపోయే రోజు. తిరుపతి బైరాగిపట్టెడలో ఆటో ఎక్కి అలిపిరి రోడ్డుకు తిరిగేలోపు "యాడికి పోతా ఉండామే పాపా?" అని అడుగుతూనే ఉంది. ఆసుపత్రికమ్మా అంటే "ఎవురికి బాగలేదు?" అంటుంది. కొండ కనబడగానే మాత్రం ప్రశ్నలు ఆపేసి రెండు చేతులూ జోడించింది.

ఓపీ మామూలే. చీటీ, బీపీ, బెంచీ. రాయాలనుకున్నది ఆ తర్వాత సంగతి.

అక్కడ పీజీ చదివే డాక్టరు బాబు ఒకరు పలకరించారు, కడప అబ్బాయి. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళ మీద థీసిస్ చేస్తున్నాడట. అమ్మను అందులో చేర్చుకోవచ్చా అని నన్ను అడిగి ఊరుకోలేదు. అమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, "అవ్వా, కొన్ని ప్రశ్నలు అడుగుతా. నీకు ఇష్టం లేకుంటే ఎప్పుడైనా వద్దను. వద్దన్నా నీ మందులు నీకు ఇస్తారు" అని నెమ్మదిగా చెప్పాడు. "అడుగు నాయనా, దానికేం" అంది అమ్మ. వేలిముద్ర తనది, సంతకం నాది. ఈమధ్య అమ్మ విషయాలన్నీ ఆమె తల మీదుగా మేమే మాట్లాడేసుకుంటున్నాం. ఒకరు ఆమెనే అడిగారని నాకు ఎంత తృప్తిగా ఉందో.

"ఇప్పుడు ఏ సంవత్సరం అవ్వా?" అమ్మ నా మొహం చూసింది. "పోనీ, ఏ నెల?"

"గంగజాతర అయిపాయె. ఆడికృత్తిక ఇంకా రాలా."

ఆ అబ్బాయి నవ్వలేదు, తప్పని కొట్టేయనూ లేదు. నావైపు చూస్తే అవునన్నాను. జాతర మే నెలలో పోయింది, జూలై, ఆగస్టుల్లో వచ్చే ఆడికృత్తిక పండగకు ఇంకా టైముంది. అమ్మ బడి మొహం చూడలేదు. నగరి దగ్గర పుట్టి, పాకాల దగ్గరికి కోడలై వచ్చింది. ఇంగ్లీషు నెలలతో ఆమెకు పనెప్పుడు పడింది? పాలు పోసిన లెక్కంతా తలుపు వెనక సుద్దముక్కతో గీతలే. నెలాఖరుకు పైసాతో సహా చెప్పేది. ఒకే పూట పాలకు రెండు గీతలు పడటం మొదలైనప్పుడే మాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

డాక్టర్లు చాలా దేశాల్లో వాడే 30 మార్కుల పరీక్ష ఒకటుంది. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ అనే డాక్టర్లు కలిసి తయారుచేశారు. 100లోంచి 7 చొప్పున తీసేస్తూ పొమ్మంటారు, కాగితం మీదున్నది చదివి అలా చేయమంటారు, సొంతంగా ఒక వాక్యం రాయమంటారు. మా అమ్మ ఏ జబ్బూ లేని రోజుల్లో కూడా ఇందులో తప్పేది! హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన భారత, అమెరికా పరిశోధకులకు ఇదే చిక్కు ఎదురైంది. వాళ్ళు చదువురాని పెద్దవాళ్ళకు తగ్గట్టు ప్రశ్నలు మార్చి, హిందీలో కొత్త పరీక్ష తయారుచేసి, 1995లో ప్రచురించారు. "కళ్ళు మూసుకో" అని రాసింది చదవమనే బదులు, నా మొహం చూసి నేను చేసినట్టు చెయ్యి అన్నారు. వాక్యం రాయమనే బదులు, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పు అన్నారు. మెదడు స్కానింగుల గురించి పేపర్లో వచ్చినంతగా ఇలాంటి పని గురించి రాదు. నా మటుకు నాకు ఇదే పెద్ద పరిశోధన. అమ్మకు ఏం పోయిందో, ఏం మిగిలిందో తెలియాలంటే ముందు ఆమెకు అర్థమయ్యేలా అడగాలి కదా.

ఈ అబ్బాయీ ఇంటి గురించి అడిగాడు. అమ్మ ముఖం విప్పారింది. బావి, దాని పక్కన తోతాపురి చెట్లు, ఎడ్లబండిలో దామలచెరువు మండీకి కాయలు తోలడం, నాయన బేరం కుదరక అలిగి వెనక్కి రావడం, అన్నీ వరసగా చెప్పింది. మళ్ళీ అడుగుతానని గుర్తుపెట్టుకోమన్న మూడు మాటలు మామిడికాయ, చెంబు, రూపాయి. కాసేపయ్యాక అడిగితే "మామిడికాయ" అని ఆగిపోయింది. "ఇంకా ఏందో అంటివే నాయనా..." అంటూ కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంటూ ఉండిపోయింది. యాభై ఏళ్ళ కిందటి బేరం చెదరలేదు, అయిదు నిమిషాల కిందటి చెంబు లేదు. ఈ జబ్బు దెబ్బ ముందు కొత్తగా నేర్చుకున్నదాని మీదే పడుతుందని తెలుసు. తెలిసినా కళ్ళ ముందు చూడటం కష్టంగానే ఉంది.

నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవు అంటే తెలుగులో మొదలుపెట్టి అరవంలోకి జారిపోయింది. నగరి పిల్ల కదా, ఇంట్లో తెలుగు, సంతలో అరవం. కడప అబ్బాయికి నేనే అర్థం చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఆయనే హైదరాబాదు పరిశోధన సంగతి ఎత్తాడు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయట, బడికి పోనివాళ్ళలో కూడా. వేరే చోట్ల జరిగిన పరిశోధనలు అన్నీ దీంతో ఏకీభవించలేదని కూడా దాచకుండా చెప్పాడు. అయినా, ఆ సంతలో నేర్చుకున్న అరవం అమ్మకు కొన్నేళ్ళు కాపలా కాసి ఉంటుందని నమ్మాలనే ఉంది నాకు.

మధ్యలో ఎదురింటి అక్క ఫోను. "మతిమరుపుకు పిచ్చి డాక్టరు ఎందుకే?" అని ఎప్పటి ప్రశ్నే. సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. ఈ జబ్బును గుర్తించిందే మానసిక వైద్యుడు, జర్మనీలో అలోయిస్ అల్జీమర్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె అనే 51 ఏళ్ళామెను తీసుకొచ్చారు. ఆమెకు మొట్టమొదట కనబడింది మతిమరుపు కూడా కాదు, భర్త మీద అనుమానం. పేరు అడిగితే ఆగస్టె అంది, భర్త పేరు అడిగినా ఆగస్టె అనే అంది. ఆమె 1906లో చనిపోయాక మెదడును పరీక్షించి, కణాల మధ్య పేరుకున్న మచ్చల్నీ, కణాల్లోపల చిక్కుపడిన పోగుల్నీ అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్ సభలో వివరించాడు. 1910లో క్రేపెలిన్ అనే మరో మానసిక వైద్యుడు తన పాఠ్యపుస్తకంలో దానికి అల్జీమర్ పేరు పెట్టాడు. మా ఇంట్లో అమ్మ తన కమ్మలు వదిన తీసిందని గొడవ చేసిందే, అవి బియ్యం డబ్బాలో దొరికాయే, అది వదిన మీద కక్ష కాదక్కా, జబ్బు, అన్నాను. అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన మామగారి గురించి అడగడం మొదలుపెట్టింది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ మతిమరుపు జబ్బులున్నాయని 2023లో వచ్చిన అంచనా. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. మా వీధిలోనే ఇంకెన్ని ఇళ్ళున్నాయో.

చెన్నైలో ఉన్న మేనల్లుడు లెకానెమాబ్ అనే కొత్త మందు గురించి మళ్ళీ మెసేజి పెట్టాడు. పెద్ద డాక్టరుగారిని అడిగాను. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళ మీద జరిగిన పరీక్షలో 18 నెలల్లో దిగజారడం 27 శాతం నెమ్మదించిందట, ఆగలేదు. మొదట్లో రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదముంది, పదేపదే ఎంఆర్‌ఐ తీయాలి. అమ్మ ఆ దశ దాటింది. డోనెపెజిల్ మాత్రే కొనసాగించమన్నారు. అదీ నయం చేసేది కాదు, ఉన్నదాన్ని కొన్నాళ్ళు నిలబెట్టేది.

ఆయన ఇంకో మాట అన్నారు, అది నాకు బాగా పట్టింది. అమ్మ చెవులు చూపించమన్నారు. మతిమరుపు ముప్పును పెంచే 14 కారణాల జాబితా 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక కమిషన్ ఇచ్చింది, అన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు తప్పించవచ్చో, వెనక్కి నెట్టవచ్చో అని వాళ్ళ లెక్క. బీపీ, షుగరు, ఒంటరితనంతో పాటు వినికిడి లోపం కూడా అందులో ఉంది. అమ్మకు ఇప్పుడు మిషను పెడితే పోయింది తిరిగి రాదు. కానీ మాట వినబడితే మనుషుల్లో కూర్చుంటుంది, కసురుకోవడం తగ్గుతుంది. బి12, థైరాయిడ్ కూడా మళ్ళీ చూస్తామని రక్తం తీశారు.

ఇక వచ్చేద్దామని లేస్తుంటే ఆ అబ్బాయి, "ఇంకో కాగితం ఉంది మేడమ్, ఇది మీకు" అన్నాడు. చూసుకునేవాళ్ళ భారం కొలిచే 22 ప్రశ్నలు. ఎప్పుడూ లేదు నుంచి దాదాపు ఎప్పుడూ దాకా ఏదో ఒకటి చెప్పాలి. మీకంటూ టైము మిగలడం లేదనిపిస్తుందా? ఆమె మీ ఒక్కరి మీదే ఆధారపడిందనిపిస్తుందా? మీ ఆరోగ్యం దెబ్బతిందా? మొదట గబగబా "లేదు, లేదు" అంటూ పోయాను. ఆయన పెన్ను ఆపి, "నిజం చెబితేనే నాకు ఉపయోగం, మీక్కూడా" అన్నాడు. తర్వాత చెప్పినవి "తరచుగా"లే. అమ్మ మీద ప్రేమ తగ్గి కాదు. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ తీస్తుంటే, పొద్దున స్కూలుకు పోయి నిలబడాల్సిన మనిషిని నేను. ఇది కూడా పరిశోధనలో ఒక లెక్కే, నా నిద్ర కూడా అమ్మ జబ్బులో భాగమే అని ఎవరూ ఇన్నాళ్ళు నాతో అనలేదు.

ఇప్పుడే అన్నకు ఫోను చేశాను. చిత్తూరు ఎంతో దూరం లేదు. నెలకు ఒక వారం అమ్మ అక్కడ ఉంటుంది, ఆ వారం మాత్రల డబ్బా, తలుపు గడియ సంగతీ వదినకు రాసిస్తాను. కమ్మల గొడవ తర్వాత వదిన ఒప్పుకుంటుందో లేదోనని అన్న నసిగాడు. వదినకు ఫోనివ్వమన్నాను. "తీసుకురండి. కమ్మలు మాత్రం మీ దగ్గర పెట్టుకోండి" అంది. సోమవారం చెవుల డాక్టరు అయ్యాక బయల్దేరుతాం.