పెదనాన్న ఫిడేలు రిజిస్టరు

మన పదో తరగతి బ్యాచి సంచికకి వ్యాసం ఇమ్మని అడుగుతూ మన కమిటీవాళ్ళు ఒక ఫారం పంపారు. ఉద్యోగం, హోదా, సాధించిన విజయాలు, పొందిన పురస్కారాలు అని గళ్ళున్నాయి. మొదటి రెండూ నింపాక పెన్ను ఆగిపోయింది. 1984 పదో తరగతి 'బి' సెక్షన్‌లో నన్ను పేరుతో గుర్తుపట్టేవాళ్ళు నలుగురుంటే గొప్ప. 'కుక్క కచేరీ పిల్ల' అనండి, డ్రిల్లు మాస్టారితో సహా అందరికీ తెలుస్తుంది. అందుకని ఆ గళ్ళు ఖాళీగా వదిలేసి, ఆ కచేరీ వెనక కథ రాస్తున్నాను. మీరంతా చూసింది చివరి ఐదు నిమిషాలే.

విజయనగరంలో మాది అయ్యకోనేరు దగ్గర ఉమ్మడి ఇల్లు. నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, అమ్మ, నాన్న, పిల్లలం ఐదుగురం, ఒక ఆవు, ఒక రేడియో. రేడియో మీద సర్వాధికారాలూ పెదనాన్నవి. పొద్దున్నే విశాఖ కేంద్రం పెట్టి భక్తిరంజని వినేవాడు. ఆ టైములో ఇంట్లో గిన్నె చప్పుడైనా ఊరుకునేవాడు కాదు. రేడియోకి లైసెన్సు ఉండేదని మా అమ్మాయికి చెబితే నమ్మలేదు. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి, ఆ చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకుని రావాలి. గడువుకి వారం ముందే కట్టేసి వచ్చేవాడు పెదనాన్న. సర్కారు ఆఫీసులో గుమాస్తా కదా, గడువు అనే మాట వింటేనే ఆయనకి టెన్షన్.

1982 సిరిమాను పండగ రోజున భైరవి మా ఇంటికొచ్చింది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. మూడు లాంతర్ల దగ్గర ఆ జనంలో తప్పిపోయిందో ఏమో, ఒక గోధుమరంగు కుక్కపిల్ల మా తమ్ముడి నిక్కరు పట్టుకుని ఇల్లు చేరింది. కుక్క కాలభైరవుడి వాహనం, ఇది ఆడది, అమ్మవారి పండగనాడు దొరికింది, పైగా ఆ పేరుతో రాగం కూడా ఉంది, కాబట్టి భైరవి అన్నాడు పెదనాన్న. "అమ్మవారి పేరు పెట్టి కుక్కని ఛీ పో అని ఎలా అంటామండీ?" అంది పెద్దమ్మ. "అనకుండా ఉండడానికే పెట్టాను" అన్నాడు. పెద్దమ్మ చివరిదాకా దాన్ని 'ఇదిగో' అనే పిలిచింది.

1983 జనవరిలో రాష్ట్రంలో ఎన్నికలు. మా ఇంట్లో అయిదు ఓట్లు, మూడు పార్టీలు. నాన్న పాత పార్టీ వదల్లేదు. అమ్మ ఎవరికి వేసిందో ఇప్పటికీ చెప్పదు. పెదనాన్న మాత్రం మార్పు రావాలని ఆఫీసులో కూడా గట్టిగా మాట్లాడి, ఓటు వేసొచ్చి సిరా గుర్తు మాకందరికీ చూపించాడు. మార్పు వచ్చింది. నెల తిరక్కుండానే, ఫిబ్రవరిలో, రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి తగ్గిస్తూ ఆర్డినెన్సు వచ్చింది. అప్పటికే 55 నిండినవాళ్ళు ఆ నెలాఖరుకే దిగిపోవాలి. పెదనాన్నకి 56.

1983 ఫిబ్రవరి 28, సోమవారం. బడి నుంచి వచ్చేసరికి పెదనాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మెడలో బంతిపూల దండ తీయలేదు. పక్కన ఒక శాలువా, గోడగడియారం ఉన్న అట్టపెట్టె. ఆ రోజు వాళ్ళ ఆఫీసులో దిగినవాళ్ళు చాలామందట, దండలు చాలక ఒకరి మెడలోది తీసి ఇంకొకరికి వేశారట. నాన్న ఏదో అనబోయాడు. నోటిదాకా వచ్చిన ఎత్తిపొడుపు అది, నాకు తెలుసు. పెదనాన్నే ముందు అందుకుని, "ఓటు నేనే వేశానురా, ఇంక అడక్కు" అన్నాడు. భైరవి బంతిపూలు వాసన చూసి, ఒకటి పీకి నమిలి ఉమ్మేసింది. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు గాని, అట్టపెట్టె వారందాకా విప్పలేదు.

తర్వాత పది రోజులూ ఆయన చేసినవి తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది, అప్పుడు మాకు విసుగొచ్చింది. తొమ్మిదిన్నరకి చొక్కా వేసుకుని గేటుదాకా వెళ్ళి వెనక్కొచ్చేవాడు. పాలవాడి లెక్కలు మూడుసార్లు సరిచూశాడు. మా నోటుపుస్తకాలకి పేజీ నంబర్లు వేశాడు. నేనప్పుడు ఫిడేలు నేర్చుకుంటున్నాను. తొమ్మిదో తరగతి పిల్లకి ఫిడేలేమిటని బయటి ఊరివాళ్ళు అడగవచ్చు, మన ఊళ్ళో అడగరు. 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు గురువు. ఘంటసాల వారాలు చేసుకుని చదువుకున్న ఊరు. వీధికొక మాస్టారు ఉండేవారు. ఆ కళాశాలలో చదివిన మాస్టారే నాకూ చెప్పేవారు. అమ్మ పనులు తెమలక, నన్ను దింపడానికి పెదనాన్నని పంపింది. నాలుగో రోజు మాస్టారే అన్నారు, "ఊరికే కూర్చోవడం ఎందుకండీ, మీరూ పట్టండి. ఆరేళ్ళ పిల్లలకి చెప్పేదే మీకూ చెప్తాను, సిగ్గుపడకూడదు మరి" అని.

ఒక్క ఫిడేలుకి ఇద్దరం. నా వంతు అయ్యాక ఆయన వంతు. బాసింపట్టు వేసి, ఫిడేలు తల కుడి మడమ మీద ఆనించి కూర్చోవాలంటే మోకాళ్ళు సహకరించేవి కావు. తీగల మీద లాగే కమాను పట్టుకోవడం చూస్తే రూళ్ళకర్రతో గీత గీస్తున్నట్టే ఉండేది. మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళీ వరస, అంటే సంగీతంలో అ ఆ లు, ఆయనకి రావడానికి రెండు నెలలు పట్టింది. నేను అప్పటికి అలంకారాలు దాటి గీతాల్లో పడ్డాను. అదే కాదు, నాకు చెవి ఉంది, శ్రద్ధ లేదు. ఆయనకి శ్రద్ధ ఉంది, చెవి మెల్లగా వచ్చింది.

ఆఫీసు అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక పొడుగు రిజిస్టరు కొని గళ్ళు కొట్టాడు. తేదీ, సమయం, వరస, గమనికలు. నాదొక పేజీ, తనదొక పేజీ. 'సరళీ 7: మధ్యమం వద్ద తప్పు. పెండింగ్.' 'జంట వరసలు: పరిశీలనలో ఉన్నవి.' 'రోజిన్ అయిపోయినది. కొనవలెను.' కింద పొట్టి సంతకం, తేదీ. ఒకరోజు నేను జ్వరమని అబద్ధం చెప్పి మానేస్తే, 'అమ్మడు: సెలవు. కారణం సంతృప్తికరముగా లేదు' అని రాశాడు. అది చదివి ఏడ్చి అన్నం మానేశాను. మర్నాడు ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. దిద్దుబాటు పక్కన సంతకం లేకపోతే చెల్లదట.

భైరవికి ఒక విచిత్రమైన గుణం ఉండేది. ఎంత వాయించినా పట్టించుకోదు గాని, శ్రుతి చేస్తూ కింది షడ్జం, అంటే 'స' తీగ మీద కమాను నిలిపి లాగితే చాలు, మెడ ఎత్తి అదే స్థాయిలో ఊళ ఎత్తుకునేది. నాయనమ్మకి అది అపశకునం. పెదనాన్నకి శ్రుతిపెట్టె. తీగ దిగితే అది ఊళ వెయ్యదని, కాబట్టి ముందు దానితో సరిచూసుకోవాలని ఆయన సిద్ధాంతం. నేను అప్పట్లో పూర్తిగా నమ్మాను.

ఇంక మీకు తెలిసిన భాగం. వార్షికోత్సవం, మన చివరి ఏడాది. నేను మలహరి గీతం వాయించాలని తెలుగు మాస్టారు పట్టుబట్టారు. భైరవిని ఆవు గాట దగ్గర కట్టేసి వచ్చాం. పెదనాన్న మొదటి వరసలో, ఆ రిటైర్మెంటు శాలువా కప్పుకుని కూర్చున్నాడు. నేను శ్రుతి చూసుకోవడానికి కింది షడ్జం లాగాను. మైకు పక్కనే ఉంది. మైదానం అంతా వినపడింది. ఆ వెనకే సైకిల్ స్టాండు వైపు నుంచి ఊళ. మెడకి కొరికిన తాడు ముక్కతో భైరవి వేదిక ఎక్కి, నా పక్కన కూర్చుని, మైకు చూస్తూ రెండోది అందుకుంది. తెలుగు మాస్టారు ఆ నవ్వుల్లోనే మైకు లాక్కుని, "గాత్ర సహకారం కూడా ఉంది, ప్రశాంతంగా వినండి" అన్నారు. గీతం పూర్తి చేశాననే నా నమ్మకం. చేయలేదని మీలో చాలామంది అంటారు.

తర్వాత నేను ఫిడేలు మళ్ళీ గట్టిగా పట్టలేదు. సిగ్గు కొంత, ఇంటర్ ఎంపీసీ కొంత. పెదనాన్న మానలేదు. 1984 ఆగస్టులో పదవీ విరమణ వయసు మళ్ళీ 58 అయింది. మధ్యలో ఇంటికి పంపినవాళ్ళ సంగతి సుప్రీంకోర్టుకి వెళ్ళి, 1985లో తీర్పు వచ్చేసరికి ఆయనకి 58 దాటిపోయాయి. కొంత సొమ్ము చేతికొచ్చింది. దానితో నిజం శ్రుతిపెట్టె కొన్నాడు. ఉద్యోగం తిరిగొస్తే వెళ్ళేవాడివా పెదనాన్నా అని అడిగితే, "వర్ణం సగంలో ఉందే" అన్నాడు. ఆ మోహన వర్ణం పూర్తి కావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. వినడానికి బాగుండేదా అంటే, పెద్దమ్మ ఆ టైముకి గుడికెళ్ళేది.

ఇప్పుడు నాకు 57. నాదీ సర్కారు ఉద్యోగమే, విశాఖలో. ఆంధ్రలో విరమణ వయసు 2014లో 60, 2022లో 62 చేశారు కాబట్టి ఇంకో ఐదేళ్ళుంది. 1983 లెక్కయితే రెండేళ్ళ కిందటే బంతిపూల దండ పడేది. పండక్కి అందరం కలిస్తే రాజకీయాలే. కొన్నేళ్ళుగా మా ఆయనా, అల్లుడూ పార్టీల మాట ఎత్తకూడదని ఒప్పందం. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశం, పదకొండు రోజులకే దాని సవరణ వచ్చాక, ఆ ఒప్పందం కుక్కలకి కూడా వర్తిస్తుందని మా అమ్మాయి తీర్మానించింది. హైదరాబాదులో వాళ్ళకొక లాబ్రడార్ ఉంది. దానికి ఏసీ, నెలనెలా డాక్టరు. నేను పెదనాన్న ఫిడేలుకి కొత్త తీగలు వేయించి తీసుకెళ్ళి, కింది షడ్జం లాగి చూశాను. అది ఒక కన్ను తెరిచి, మూసుకుంది.

ఫిడేలు పెట్టెలోనే రిజిస్టరు కూడా ఉంది. ఇన్నేళ్ళూ అది చూస్తూనే ఉన్నాను గాని, వార్షికోత్సవం పేజీ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఈ వ్యాసం కోసం తీశాను. ఆయన దస్తూరీలో, గళ్ళు దాటకుండా ఉంది:

'10-2-1984. స్కూలు వార్షికోత్సవం. అమ్మడు: షడ్జం కొంచెం దిగినది. భైరవి: సరిగానే పట్టినది. తదుపరి చర్య అవసరం లేదు.'