మల్లిగాని మొక్కు

పదకొండేండ్ల మొక్కు మొన్న తీర్చుకొని వచ్చినం, కొమురవెల్లి మల్లన్నకు. హైదరాబాద్ నుంచి 90 కిలోమీటర్ల లోపే, అల్వాల్‌ల మేముండే కాడికెల్లి రాజీవ్ రహదారి పట్టుకుంటే శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ దాటి పోతనే ఉండుడు, కొమురవెల్లి కమాన్ కాడ మలుగుడు, అంతే. ఇంత దగ్గరున్న దేవుని దగ్గరికి ఇన్నేండ్లు ఎందుకు పోలేదంటే మా కుక్క మల్లిగాన్ని వదిలిపెట్టి పోలేక. ఇప్పుడు పోయినమంటే వాడు లేడు గాబట్టి.

2014 వానకాలంల తమ్ముడు తెచ్చిండు వాన్ని, ఆగి ఉన్న వాటర్ ట్యాంకర్ కింద తడుసుకుంట కూసున్నడంట, ఎర్ర నాటు కుక్కపిల్ల, ఒక చెవి నిలబడ్డది ఒకటి వాలింది. బ్రూనో అని పేరు పెట్టిండు. మూడు వారాలు గడవలేదు, తిండి మానేసిండు, వాంతులు, తర్వాత నెత్తురు విరేచనాలు, ఆ వాసన నాకు ఇప్పటికీ యాదికుంది. డాక్టర్ చూడంగనే పార్వో అన్నడు, కుక్కపిల్లలకొచ్చే వైరస్ రోగం. ఆ వైరస్‌ను సంపే మందంటూ లేదు, సెలైన్ ఎక్కిచ్చుకుంట, వాంతులు ఆగనీకె సూదులిచ్చుకుంట పిల్ల తట్టుకుంటదా లేదా అని చూసుడే. టీకా ఏపిచ్చాలని మాకప్పుడు తెల్వదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసుల మొదటిది, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోటి, నాలుగు నెలలు నిండేదాక. ఇది చదివేటోళ్ల ఇంట్ల కుక్కపిల్ల ఉంటే ఇయ్యాలనే దాని టీకాల కార్డు తీసి చూసుకోండి, బతిమాలుతున్న.

మూడో రాత్రి అమ్మ పసుపుగుడ్డల రూపాయి బిళ్ల కట్టి దేవుని గూట్ల పెట్టింది. "మల్లన్నా, ఈ పానం నిలబెట్టు, ఇంటిల్లిపాది వచ్చి పట్నం ఏపిస్తం, బోనం తీస్తం" అన్నది. పట్నమంటే దేవుని ముంగట రంగుల పొడులతోని ఏసే ముగ్గు. తెల్లారి వాడు చెంచాల గంజి నాకిండు. గంతే, ఆ దినం నుంచి బ్రూనో మల్లిగాడైండు. డాక్టర్ దగ్గరి ఫైల్‌ల మాత్రం చివరిదాక బ్రూనో అనే ఉండె.

ప్రతి సంక్రాంతికి అమ్మ ఈసారి పోవాలె అనుడు, వీణ్ని ఎవరు చూస్తరు అనుడు. అమ్మ చేతి పెరుగన్నం తప్ప వేరేటోళ్లు పెడితే తినడు, ఒకసారి పెండ్లికని అమ్మ ఒక్క రాత్రి పోతే రాత్రంత గేటు కాడనే కూసున్నడు నీళ్లు గూడ ముట్టకుంట. నేనుంట మీరు పోయిరాండ్రి అని నాయిన ఎన్నిసార్లన్నా అమ్మ ఒప్పుకోలే, ఇంటిల్లిపాది అని మొక్కినంక ఒక్కరు తక్కువైనా ఎట్ల అని. పక్కింటోళ్లు కొమురవెల్లి పోయొస్తే మాకు బండారి, అంటే మల్లన్న పసుపు, ఇచ్చేటోళ్లు, అమ్మ ముందుగాల మల్లిగాని నొసట్ల పెట్టేది, వాడు తుమ్మేటోడు.

పోయిన దసరా సంది గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుడు మొదలువెట్టిండు, బరువు తగ్గుతున్నడు, రక్తపరీక్షల క్రియాటినిన్ బాగ ఎక్కువొచ్చింది, కిడ్నీలన్నరు. చర్మం కింద సెలైన్ ఎక్కిచ్చుడు నేను నేర్చుకున్న. మెడ ఎనుక చర్మం పైకి పట్టి సూది పెడుతుంటె కదలకపోయేటోడు, సూదంటె అంత భయమున్నోడు. కార్తీకమాసంల ఒక పొద్దుగాల పోయిండు. ఫతుల్లాగూడల జంతువుల శ్మశానవాటికకు తీసుకపోయినం, దారంత నాయిన ఒళ్లెనే పెట్టుకున్నడు. దాని గురించి ఇంక రాయలేను.

లష్కర్ వారం పోదామని అమ్మనే అన్నది. సంక్రాంతి అయినంక వచ్చే మొదటి ఆదివారం పట్నం వారం, హైదరాబాదోళ్లది, దాని తర్వాతది లష్కర్ వారం, సికింద్రాబాద్ దిక్కోళ్లది. పొద్దున నాలుగింటికి అందరం తయారై బయటికొచ్చినం, చూస్తే తాళం లేదు. పదకొండేండ్లల్ల నలుగురం ఒక్కసారే ఇల్లు విడిచింది లేదు, ఇంటికి తాళం వేసే అవసరమే పడలే మాకు. అరగంట దేవులాడితె బియ్యం డబ్బా ఎనుక దొరికింది, తుప్పు పట్టి. కొబ్బరినూనె పోసి తిప్పుకుంట నాయిన ఆడనే మెట్ల మీద కూసున్నడు, శానసేపు లేవలే.

కొమురవెల్లిల ఎటు చూసినా పసుపే, మనుషుల మీద, మెట్ల మీద, చెట్ల మొదళ్లల్ల. డోళ్లు, శివసత్తుల పూనకాలు, బోనాలు. దర్శనానికి మూడు గంటలు పట్టింది. పుట్టమన్నుతో చేసిన మల్లన్న, అటు ఇటు ఆయన భార్యలు మేడలమ్మ, కేతమ్మ. అమ్మ ముడుపు విప్పి రూపాయి హుండీల ఏసింది.

తర్వాత పట్నం. మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారి బియ్యంపిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడితోని గీతలు గీస్తుంటె నేను కన్నార్పకుంట చూసిన, ఒక్క గీత గూడ వంకర పోలే ఆయన చేతిల. పేర్లు చెప్పమన్నడు. అమ్మ మా నలుగురివి చెప్పింది, ఆగింది, "మల్లి" అన్నది.

"చిన్నోడా అమ్మా?"

"కుక్కయ్యా. మొక్కు వాని మీదిదే."

పంపిచ్చేస్తడేమో అని నాకు గుండె దడ. ఆయన చేతికంటిన పిండి దులుపుకొని "మల్లన్న ఎంట ఉండేది గూడ కుక్కనే గదమ్మా" అన్నడు, జగ్గు అనే చిన్న డమరుకం అందుకున్నడు, పాటల మా పేర్ల ఎనుక మల్లి పేరు గూడ చదివిండు. వాడు పోయినప్పుడు చుట్టాలందరు ధర్మరాజు ఎంట నడిచిన కుక్క కథ చెప్పిండ్రు, మంచి కథే, గని అండ్ల ఆఖరికి ఆ కుక్క కుక్క గాదు, యమధర్మరాజు. మల్లన్నది అట్లగాదు. మహారాష్ట్రల జెజూరి కాడ ఖండోబా అని కొలిచేది గూడ మల్లన్ననే, ఆ పటాలల్ల గుర్రం పక్కన కుక్క ఉంటది, ఉత్త కుక్క, దేవుడు మారువేషం ఏసుకున్నది గాదు. నాకు అదే నచ్చింది.

చీకటి పడ్డంక ఇల్లు చేరినం. తాళం ఈసారి తొందరగనే వచ్చింది. అమ్మ చెప్పులు గూడ విడవకుంట బండారి పొట్లం విప్పింది, తలుపెనుక మొలకు మల్లిగాని గొలుసు ఇంకా అట్లనే వేలాడుతుంది, దాని తోలుపట్టీకి బొట్టు పెట్టింది. తర్వాత మాకు పెట్టింది.